సంతకం చేసినవాళ్ళు దిగిపోయాక

2023 నవంబరు 17న మహమ్మద్ ముయిజ్జు మాల్దీవుల అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. మన ప్రభుత్వం తరఫున కేంద్రమంత్రి కిరణ్ రిజిజు వెళ్ళారు. మర్నాడు ఆయన మర్యాదగా కలవడానికి వెళ్తే, మీ సైనికుల్ని వెనక్కి పిలిపించుకోండని కొత్త అధ్యక్షుడు అధికారికంగా అడిగేశారు. పెళ్ళికొచ్చిన చుట్టానికి విస్తరి ఎత్తకముందే తిరుగు బస్సు టైము చెప్పినట్టన్నమాట.

టీవీ చర్చల్లో అదేదో సైనిక స్థావరం అన్నంత హడావుడి జరిగింది. రాజధాని మాలెలోని ప్రభుత్వం చెప్పిన లెక్కే చూడండి. మనం వాళ్ళకిచ్చిన ఒక హెలికాప్టర్‌కు 24 మంది, డోర్నియర్ విమానానికి 25 మంది, రెండో హెలికాప్టర్‌కు 26 మంది, మరమ్మతులకు ఇంకో ఇద్దరు. అంతా కలిపి 77. ఒక కాలేజీ బస్సులో కొంచెం ఇరుక్కుని కూర్చుంటే సరిపోయే జనం. వాళ్ళ పని కూడా ఎక్కువగా రోగుల్ని మోయడమే. దాదాపు 1,200 పగడపు దీవులు ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా చెదిరి ఉన్న దేశం అది. పెద్దాసుపత్రి ఉండేది మాలెలో, అదీ మన సాయంతో కట్టి ఇందిరా గాంధీ పేరు పెట్టుకున్నది. దక్షిణాన భూమధ్యరేఖకు అవతల ఉన్న అడ్డూలో ఒకావిడకు కాన్పు కష్టమైతే మాలె 500 కిలోమీటర్ల పైనే. పడవ మీద వెళ్ళే దూరం కాదది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. సైనికులు వెళ్ళిపోతే ధ్రువ్ హెలికాప్టర్‌ను ఎవరు తిప్పాలి? దాన్ని తయారు చేసింది హిందుస్తాన్ ఏరోనాటిక్స్. విడిభాగం కావాలన్నా, తనిఖీ జరగాలన్నా అక్కడికే రావాలి. 2024 ఫిబ్రవరి 2న ఢిల్లీలో రెండు వైపుల అధికారులు కూర్చుని తేల్చిన పరిష్కారం ఇది: ఒక చోటి నుంచి మార్చి 10లోపు, మిగతా రెండు చోట్ల నుంచి మే 10లోపు సైనికులు వెళ్ళిపోతారు, వాళ్ళ చోట భారత సాంకేతిక సిబ్బందే వస్తారు. అలాగే జరిగింది. యూనిఫాం పోయింది, హెలికాప్టర్ ఉంది. దాన్ని తిప్పేవాళ్ళూ మనవాళ్ళే. ముయిజ్జు తన ఓటర్లకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు, రోగి ప్రయాణమూ ఆగలేదు.

ఇదే సమయంలో ఇంకో కాగితం చప్పుడు లేకుండా బయటికొచ్చింది. 2024 ఏప్రిల్‌లో, అంటే రెండు దేశాలూ మొహమొహాలు చూసుకోని రోజుల్లో, ఆ ఏడాదికి మాల్దీవులకు పంపుకోవచ్చునని మన వాణిజ్య శాఖ అనుమతించిన సరుకుల జాబితా అది. 42.75 కోట్ల కోడిగుడ్లు, 1,24,218 టన్నుల బియ్యం, 1,09,162 టన్నుల గోధుమపిండి, 64,494 టన్నుల పంచదార, 35,749 టన్నుల ఉల్లిపాయలు, 21,513 టన్నుల బంగాళదుంపలు. నది ఇసుక 10 లక్షల టన్నులు, కంకర 10 లక్షల టన్నులు. మన దగ్గర ఉల్లి ఎగుమతి ఆపేసి ఉన్న కాలంలో కూడా వాళ్ళ వాటా వాళ్ళకు వెళ్ళింది. 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద ఏటా నడిచే వ్యవహారమిది, ఆ ఏడాది పరిమాణాలు అంతకుముందెన్నడూ లేనంత పెద్దవి. ఐదు లక్షల పైచిలుకు జనాభాకు ఆ గుడ్లు పంచితే తలకు ఏడాదికి 830 వస్తాయి. రిసార్టుల్లో తెల్లారి ఆమ్లెట్లు తినే టూరిస్టులు ఉన్నారు కాబట్టి సరిపోయింది గానీ.

నాయకుడు మారితే స్నేహం మారిపోతుందనేవాళ్ళూ, దేశాల మధ్య శాశ్వత ప్రయోజనాలే ఉంటాయి, మనుషులతో పని లేదనేవాళ్ళూ ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. సైనికుల కాగితం కంటికి కనబడే మనుషుల గురించి, ఫలానా ప్రభుత్వం రానిచ్చిందని అందరికీ తెలిసిన విషయం గురించి. గుడ్ల కాగితం గుమాస్తాల మధ్య నడిచేది, ఏ అధ్యక్షుడి ఫొటో లేనిది. కొత్తవాళ్ళు కుర్చీ ఎక్కగానే చెయ్యి వేసేది మొదటి రకం మీద. ఒప్పందం బతుకుతుందా చస్తుందా అన్నది సగానికి సగం అది రాసిన రోజే తేలిపోతుందని నేనంటాను. దాని గడువు ఎప్పుడు, నోటీసు ఎన్నాళ్ళు, డబ్బు ఎవరి జేబులోంచి, ప్రతిపక్షం దాన్ని చదివిందా లేదా అన్నవే అసలు సంగతులు.

దీనికి అన్నిటికన్నా మంచి పాఠం మన తెలుగువాళ్ళ కంపెనీకే దక్కింది. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన జీఎమ్మార్, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి 2010 జూన్‌లో మాలె విమానాశ్రయాన్ని 25 ఏళ్ళకు తీసుకుంది. జీఎమ్మార్ వాటా 77 శాతం, పెట్టుబడి అంచనా 51 కోట్ల డాలర్ల పైన, ముందుగా కట్టిన మొత్తమే 7.8 కోట్ల డాలర్లు. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఐఎఫ్‌సీ సలహాదారుగా ఉండి టెండరు నడిపింది. కాగితం మీద ఇంతకంటే పకడ్బందీగా ఉండేది అరుదు. కానీ సంతకం చేసింది అప్పటి అధ్యక్షుడు నషీద్ ప్రభుత్వం. ఆయనకు మజ్లిస్‌లో, అంటే వాళ్ళ పార్లమెంటులో, మెజారిటీ లేదు. ప్రతిపక్షాలు మొదటి రోజు నుంచీ ఒప్పుకోలేదు.

అది ఎక్కడ తెగిందో దగ్గరగా చూడాలి. ఒప్పందం ప్రకారం బయటి దేశాలకు వెళ్ళే ప్రతి ప్రయాణికుడి దగ్గరా 25 డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేసుకోవచ్చు. ప్రతిపక్ష పార్టీ ఒకటి కోర్టుకు వెళ్ళింది. మజ్లిస్ ఆమోదం లేకుండా అలాంటి రుసుము చెల్లదని 2011 డిసెంబరులో సివిల్ కోర్టు చెప్పింది. సరే, ఆ 25 డాలర్లూ ప్రయాణికుల దగ్గర వద్దు, మాకు కట్టాల్సిన ఫీజులోంచి మినహాయించుకోండని నషీద్ ప్రభుత్వం ఒక ఉత్తరంతో సర్దుబాటు చేసింది. పునాది ఇక్కడే కదిలింది. ఇరవై అయిదేళ్ళ ఒప్పందం ఆదాయం కాస్తా ఒక ఉత్తరం మీద ఆధారపడింది. ఆ ఉత్తరం వెనకున్న ప్రభుత్వం 2012 ఫిబ్రవరి 7న నషీద్ రాజీనామాతో పోయింది.

కొత్త ప్రభుత్వం లెక్క తీస్తే, 2012 మొదటి మూడు నెలలకు 87 లక్షల డాలర్లు రావాల్సిన చోట మినహాయింపులన్నీ పోగా చేతికొచ్చింది 5.25 లక్షలు. తర్వాతి మూడు నెలలకు తిరిగి ప్రభుత్వ సంస్థే కంపెనీకి 15 లక్షలు బాకీ అని బిల్లొచ్చింది. కంపెనీ దృష్టిలో ఇది ఒప్పుకున్న మినహాయింపే. కానీ మాలె వీధిలో నిలబడ్డ మనిషికి వినబడేది ఒకటే మాట: మన విమానాశ్రయం తీసుకుని, మనకే బిల్లు పంపుతున్నారు. ఈ వాక్యాన్ని ఓడించగల న్యాయవాది ఎక్కడా పుట్టలేదు.

2012 నవంబరు 27న నషీద్ తర్వాత అధ్యక్షుడైన వహీద్ మంత్రివర్గం ఆ ఒప్పందం పుట్టుకతోనే చెల్లదని ప్రకటించి, ఖాళీ చెయ్యడానికి వారం గడువిచ్చింది. మధ్యవర్తిత్వ వేదిక సింగపూర్. అక్కడి హైకోర్టు మొదట కంపెనీకి అనుకూలంగా నిలుపుదల ఉత్తర్వు ఇస్తే, అప్పీలు కోర్టు డిసెంబరు 6న దాన్ని ఎత్తేసింది. సార్వభౌమ దేశం తన విమానాశ్రయాన్ని తను తీసుకుంటానంటే బయటి కోర్టు అడ్డుపడదు. రెండు రోజుల్లో స్వాధీనం అయిపోయింది. తర్వాత 2014లో మధ్యవర్తులు ఒప్పందం చెల్లుతుందని, రద్దు తప్పని తేల్చారు. 2016లో మాల్దీవులు దాదాపు 27 కోట్ల డాలర్లు కట్టింది. కంపెనీ 80 కోట్లు అడిగింది. ఈలోగా 2014 సెప్టెంబరులో షీ జిన్‌పింగ్ మాలె వచ్చారు, అదే విమానాశ్రయం విస్తరణ పని బీజింగ్ అర్బన్ కన్‌స్ట్రక్షన్ గ్రూప్‌కు వెళ్ళింది.

కేసు గెలిచాం కదా అనేవాళ్ళకు ఒకటే చెప్పాలి. మధ్యవర్తిత్వ నిబంధన డబ్బు తెచ్చిపెడుతుంది, చోటు తెచ్చిపెట్టదు. రన్‌వే పక్కన ఎవరుంటారన్నది ఢిల్లీకి అవసరమైన ప్రశ్న. దానికి 27 కోట్ల డాలర్ల చెక్కు జవాబు కాదు. ఇంకోటి, అసలు ఒప్పందంలో లోపం కన్నా, లోపం బయటపడ్డాక దాన్ని మజ్లిస్‌కు తీసుకెళ్ళకుండా ఉత్తరంతో అతుకు వెయ్యడమే కొంప ముంచింది. ఎదుటి దేశంలో మనకు అనుకూలమైన ప్రభుత్వం ఉన్నప్పుడు ఇలాంటి అడ్డదారులు చాలా సులువుగా కనబడతాయి. అప్పుడే భయపడాలి.

ఆ భయం మనకు అలవాటు కాలేదని సముద్రగర్భ సర్వే ఒప్పందం చూస్తే తెలుస్తుంది. 2019 జూన్ 8న మోదీ మాలెలో ఉండగా సంతకాలయ్యాయి. మన నౌకాదళం ఓడలు వాళ్ళ సముద్రంలో లోతులు, దిబ్బలు కొలిచి పటాలు తయారు చెయ్యాలి. గడువు ఐదేళ్ళు, 2024 జూన్ 7 దాకా. వద్దనుకున్నవాళ్ళు ఆరు నెలల ముందు చెప్పాలి, చెప్పకపోతే దానంతటదే కొనసాగుతుంది. బాగానే ఉంది కదా? ఆరు నెలల ముందు అంటే 2023 డిసెంబరు 7. మాల్దీవుల అధ్యక్ష ఎన్నికలు ఐదేళ్ళకోసారి సెప్టెంబరులో జరుగుతాయని, నవంబరు 17న కొత్త పాలన మొదలవుతుందని 2019లో సంతకం పెట్టినవాళ్ళకు తెలియనిది కాదు. అయినా నోటీసు తలుపు కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కిన ఇరవై రోజులకు తెరిచి ఉండేలా గడువు రాశారు. గెలిచినాయనకు ఇంతకన్నా చవకైన విజయం ఏముంది? ఏమీ రద్దు చెయ్యక్కర్లేదు, నష్టపరిహారం లేదు, ఒక ఉత్తరం పంపితే చాలు. పంపారు. డిసెంబరు 14న మాలె ఆ సంగతి ప్రకటించింది. అదే ఒప్పందం 2020 జనవరిలో మొదలై ఉంటే నోటీసు గడువు 2024 నడిమధ్యలో పడేది. అప్పటికి ఆయన మోదీ ప్రమాణ స్వీకారానికి ఢిల్లీ వచ్చి వెళ్ళారు.

తప్పు మన గుమాస్తాలదే కాదు. ముయిజ్జుకు ముందున్న సోలిహ్ ప్రభుత్వం తన వంతు చేసింది. ఉతురు తిల ఫల్హు అనే చోట వాళ్ళ తీర రక్షక దళానికి మన సాయంతో రేవు కడుతున్న ఒప్పందం 2021లో కుదిరితే, దాని పూర్తి పాఠం జనానికి చూపించలేదు. చూపించని కాగితంలో ఏముందో ప్రతిపక్షం తనకు తోచింది చెప్పుకుంటుంది. విదేశీ సైనిక అవసరాలకు భూభాగం ఇవ్వాలంటే మజ్లిస్ మెజారిటీ కావాలని వాళ్ళ రాజ్యాంగమే అంటోంది, మరి దాచడం దేనికన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. 2022 ఏప్రిల్‌లో మన సైనికులు వెళ్ళిపోవాలన్న 'ఇండియా అవుట్' ప్రచారాన్ని సోలిహ్ డిక్రీతో నిషేధించారు. మనకు మేలు చేద్దామనే చేశారు, కానీ ఢిల్లీ కోసం మన నోళ్ళు కట్టేశారన్న మాట ఇంటింటికీ వెళ్ళింది. ఏడాదిన్నర తర్వాత ముయిజ్జుకు 54 శాతం ఓట్లొచ్చాయి.

ఇక మనవైపు గొప్పలు చెప్పుకునే కథ ఒకటుంది. 2024 జనవరిలో ముగ్గురు ఉపమంత్రులు మోదీ లక్షద్వీప్ పర్యటన మీద నోరు పారేసుకుంటే, మనవాళ్ళు టికెట్లు రద్దు చేసుకున్నారు, మాల్దీవులు దారికొచ్చిందన్నది ఆ కథ. మన పర్యాటకులు తగ్గింది నిజమే: 2023లో 2 లక్షలు దాటినవాళ్ళు 2024లో 1.3 లక్షల దగ్గర ఆగారు. కానీ అదే 2024లో ఆ దేశానికి వచ్చిన మొత్తం పర్యాటకులు 20 లక్షలు దాటారు, అంతకుముందు ఏడాది కన్నా ఎక్కువ. మొదటి స్థానం చైనావాళ్ళకు పోయింది. మన ఖాళీలో వేరేవాళ్ళు కూర్చున్నారు, అంతే. ఆ ముగ్గురినీ సస్పెండ్ చేసింది కూడా గొడవ మొదలైన కొద్ది రోజులకే, మన టికెట్ల లెక్క తేలకముందే.

దారికి తెచ్చింది అప్పుల క్యాలెండర్. మాల్దీవుల రుఫియా డాలరుకు 15.42 దగ్గర కట్టేసి ఉంటుంది, దాన్ని నిలబెట్టాలంటే చేతిలో డాలర్లుండాలి. 2024 నడిమికి ఆ డాలర్లు కరిగిపోయాయి. అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే ఫిచ్ సంస్థ జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి రేటింగ్ తగ్గించింది. 50 కోట్ల డాలర్ల ఇస్లామిక్ బాండు, అదే సుకూక్ మీద వడ్డీ అక్టోబరు మొదట్లో కట్టాలి. దాదాపు 2.5 కోట్ల డాలర్లు, మనకు చిన్న మొత్తం, వాళ్ళకు పరువు సమస్య. మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఇంకోసారి మన స్టేట్ బ్యాంకు 5 కోట్ల డాలర్ల చొప్పున వాళ్ళ ట్రెజరీ బిల్లుల్ని, అంటే ప్రభుత్వ అప్పు పత్రాల్ని, కొనసాగించింది. అక్టోబరు 7న ముయిజ్జు ఢిల్లీలో ఉండగా రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు, దానికి తోడు 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడికి ఒప్పుకుంది. 2025 జులైలో మోదీ వాళ్ళ అరవయ్యో స్వాతంత్య్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వెళ్ళి 4,850 కోట్ల రూపాయల రుణం ప్రకటించారు. పాత రుణాల మీద ఏటా కట్టాల్సిన 5.1 కోట్ల డాలర్లను 2.9 కోట్లకు తగ్గించారు. 'ఇండియా అవుట్' అని గెలిచిన మనిషి విమానాశ్రయానికి ఎదురొచ్చి స్వాగతం చెప్పారు.

దీన్ని మన గెలుపని చంకలు గుద్దుకుంటే మళ్ళీ పొరబాటే. చైనా కూడా ఇదే బండి ఎక్కి దిగింది. సోలిహ్‌కు ముందు అధ్యక్షుడైన యామీన్ కాలంలో, 2017 డిసెంబరులో మాల్దీవులు చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుంది. 2018లో సోలిహ్ వచ్చి దాన్ని అటకెక్కించారు. ఐదేళ్ళు దుమ్ము తిన్నాక ముయిజ్జు కిందికి దించితే 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రద్దు కాలేదు, అమలూ కాలేదు. చిన్న దేశాలు పెద్ద దేశాల కాగితాల్ని అలా అటక మీద దాచుకుంటాయి, అవసరానికి పనికొస్తాయని. అందులో తెలివి ఉంది, తప్పు లేదు.

భారత్, మాల్దీవులు ఒకరి మీద దాడి జరిగితే ఇంకొకరు యుద్ధానికి రావాలన్న ఒడంబడిక ఉన్న మిత్రులు కావు కదా అనొచ్చు. 1988 నవంబరులో కిరాయి సైనికులు మాలె మీద పడితే, ఏ ఒడంబడికా లేకుండానే ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు ఆ రాత్రికే దిగారు, పారిపోతున్న ఓడను ఐఎన్‌ఎస్ గోదావరి పట్టుకుంది. అదలా ఉంచి, ఒడంబడిక ఉన్నవాళ్ళ సంగతీ చూద్దాం. దక్షిణ కొరియాలో అమెరికా సైనికులు 28,500 మంది. వాళ్ళ ఖర్చులో కొరియా వాటా ఎంతన్నది కొన్నేళ్ళకోసారి బేరమాడుకుంటారు. ట్రంప్ మొదటి పాలనలో అమెరికా అడిగింది ఏడాదికి 500 కోట్ల డాలర్ల దగ్గర, అప్పటికి ఇస్తున్నది 100 కోట్ల లోపు. బేరం తెగక ఒప్పందం లేకుండా పోయి, 2020 ఏప్రిల్‌లో స్థావరాల్లో పనిచేసే దాదాపు 4,000 మంది కొరియన్లను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపారు. బైడెన్ వచ్చిన రెండు నెలల్లో 13.9 శాతం పెంపుతో ముగిసింది. ఆ దెబ్బ తిన్న సియోల్ రెండోసారి ఏం చేసింది? 2025 చివరిదాకా పాత ఒప్పందం ఉన్నా, 2024 అక్టోబరులోనే, అమెరికా ఎన్నికలకు నెల ముందు, 2026 నుంచి 2030 వరకు లెక్క తేల్చేసుకుంది. మొదటి ఏడాదికి 1.52 లక్షల కోట్ల వోన్లు, 8.3 శాతం పెంపు. తర్వాత వచ్చేవాళ్ళు దాన్ని తిరగదోడరని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ తిరగదోడాలంటే ఉన్నదాన్ని వాళ్ళే చింపాలి. గడువు తీరిపోయిందన్న సాకు వాళ్ళకు లేదు.

మన దౌత్యవేత్తలు పట్టాల్సింది ఆ కిటుకే. ఎదుటి దేశం ఎన్నికల తేదీకి అటూ ఇటూ ఏడాదిలో ఏ గడువూ, ఏ నోటీసూ పడకుండా రాయాలి. యూనిఫాంతో చేసే పనిని సివిల్ సిబ్బంది చేయగలిగితే మొదటి రోజు నుంచే వాళ్ళతో చేయించాలి. 2024లో ఒత్తిడి మీద చేసిన మార్పును ఏ పదేళ్ళ క్రితమో మన ఇష్టంతో చేసి ఉంటే ఆ నినాదానికి ఫొటోయే దొరికేది కాదు. ఒప్పందం పాఠాన్ని వాళ్ళ పార్లమెంటులో పెట్టమని మనమే అడగాలి, అక్కడి ప్రభుత్వం వద్దన్నా సరే. ప్రతిపక్ష నాయకుణ్ణి ఓడిపోయి ఉన్నప్పుడే పలకరించి ఉంచాలి. ముయిజ్జు మాలె మేయరుగా ఉన్నప్పుడు, అంతకుముందు గృహనిర్మాణ మంత్రిగా చైనా వంతెన పని చూస్తున్నప్పుడు, ఆయన మనకు తెలియనివారు కాదు. యామీన్‌కు శిక్ష పడి పోటీకి అనర్హుడయ్యాక ఆ ఖాళీలోకి వచ్చేది ఎవరో ఊహించడం అంత కష్టమూ కాదు.

2025 నవంబరులో ఉత్తరాన హనిమాధూలో కొత్త విమానాశ్రయం తెరుచుకుంది. మన ఎగ్జిమ్ బ్యాంకు రుణంతో, మన కంపెనీ కట్టినది. ముయిజ్జు ప్రారంభిస్తుంటే పక్కన మన విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు ఉన్నారు. మాలెలో తెలుగు కంపెనీ చెయ్యి జారిన చోటికీ దీనికీ తేడా గమనించాలి. ఇక్కడ కట్టింది మనం, నడిపేది వాళ్ళు. ప్రయాణికుడి దగ్గర డాలరు వసూలు చేసే కౌంటరు మీద మన బోర్డు లేదు.

కానీ 2024 అక్టోబరులో కుదిరిన కరెన్సీ మార్పిడి 2027 జూన్ 18తో ముగుస్తుంది. అక్కడ అధ్యక్ష ఎన్నికలు 2028 సెప్టెంబరు ప్రాంతంలో. ప్రచారం ఒక ఏడాది ముందే మొదలవుతుంది కాబట్టి, మళ్ళీ డబ్బు ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళకు ఇవ్వాలి అన్న బేరం సరిగ్గా గోడల మీద నినాదాలు పడే నెలల్లోకే వెళ్తుంది.